కవరత్తి లగూన్‌లో వల ఖాళీగా ఎందుకొచ్చింది?

దేవరకొండ నుంచి ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. కాలేజీ టూర్‌లో లక్షద్వీప్ వెళ్లారు. అక్కడి కవరత్తి లగూన్‌లో, అంటే పగడపు దిబ్బ లోపల ఉండే లోతు తక్కువ సముద్రపు నీళ్లలో, పడవ వెనక ప్లాంక్టన్ వల (నీళ్లలో తేలాడే సన్న జీవుల్ని పట్టే వల) కట్టి పది నిమిషాలు లాగితే, కింది సీసాలో కాస్త ఇసుక, నాలుగైదు కోపిపాడ్‌లు (రొయ్యకు చుట్టమైన నలుసంత జీవులు) తప్ప ఏమీ పడలేదట. అదే వల మన పానగల్లు ఉదయసముద్రం చెరువులో రెండు నిమిషాలు లాగితే పచ్చటి చారు వచ్చింది. "నీళ్లు అద్దంలా ఉన్నాయి సార్, అందులో తినడానికి ఏమీ లేదు. మరి అన్ని చేపలు, అన్ని పగడాలు ఏం తిని బతుకుతున్నాయి? అక్కడ కార్బన్ ఎటు నుంచి ఎటు పోతుంది? పగడపు దిబ్బలు కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయని ప్రాజెక్టులో రాయొచ్చా?" అని అడిగింది.

నేను నల్గొండలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పాను. అంతకుముందు కుర్రతనంలో రెండు సీజన్లు ఒక పరిశోధన బృందంతో లక్షద్వీప్‌లో నీళ్లు మోశాను. మోశాను అనే అనాలి, ఆ పనిలో ముప్పావు వంతు బకెట్లు మోయడమే. అందుకని కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టు.

బిడ్డా, ముందు నీ వల కన్ను సంగతి చూద్దాం. కాలేజీల్లో ఉండే ప్లాంక్టన్ వల కన్ను మామూలుగా 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైనే ఉంటుంది, దాదాపు మన వెంట్రుక మందం. పగడపు లగూన్ నీళ్లలో ఎండను పట్టి ఆహారం తయారుచేసే కణాల్లో ఎక్కువ భాగం రెండు మైక్రాన్ల కంటే చిన్నవి. వాటిలో ప్రోక్లోరోకాకస్ అనేది 0.6 మైక్రాన్లు ఉంటుంది. నీ వల కన్నును మీటరు వెడల్పున్న తలుపు అనుకుంటే అది ఒక శనగగింజ. తలుపు బార్లా తీసిపెట్టి శనగగింజలు పట్టాలని కూర్చున్నావు. ఊరంతా ఆ తలుపులోంచి నడిచి వెళ్లిపోయింది, గడపకు తట్టుకున్న నలుగురిని చూసి ఊళ్లో ఎవరూ లేరనుకున్నావు.

ఇందులో నీ తప్పేమీ లేదు, శాస్త్రం కూడా చాలాకాలం ఇలాగే మోసపోయింది. అలాంటి మరో చిన్నకణం సినెకోకాకస్‌ సముద్రమంతటా ఉందని 1979లో తెలిసింది. ప్రోక్లోరోకాకస్‌ను 1988లో ప్రకటించారు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సంఖ్యలో ఉన్న కిరణజన్య జీవి అదేనంటారు, అయినా మా గురువులు డిగ్రీ చదివిన పుస్తకాల్లో దాని పేరే లేదు. మాకు నేర్పిన బొమ్మ ఒక్కటే: డయాటమ్‌ను (పెద్ద కణపు శైవలాన్ని) కోపిపాడ్ తింటుంది, కోపిపాడ్‌ను చిన్న చేప తింటుంది, చిన్న చేపను పెద్ద చేప తింటుంది. నిచ్చెన మెట్లు లెక్క. మన చెరువుకు ఆ బొమ్మ ఓ మోస్తరుగా సరిపోతుంది. లగూన్‌కు పెడితే నీకొచ్చిన సందేహమే వస్తుంది.

ఒక టీస్పూన్ లగూన్ నీళ్లు, అంటే ఐదు మిల్లీలీటర్లు తీసుకో. అందులో బ్యాక్టీరియా లక్షల్లో, ఒక్కోసారి 50 లక్షల వరకు ఉంటాయి. వైరస్‌లు వాటికి ఇంచుమించు పది రెట్లు. బ్యాక్టీరియాను తినే చిన్న ఫ్లాజెల్లేట్లు, అంటే కొరడాలాంటి తోకతో ఈదే ఏకకణ జీవులు, కొన్ని వేలు. ఆ ఫ్లాజెల్లేట్లను తినే సీలియేట్లు, అంటే ఒంటిమీద నూగు ఉండే ఏకకణ జీవులు, ఓ పది, ఇరవై. కోపిపాడ్ అంటావా, ఆ స్పూన్లో ఒకటి ఉంటే నీ అదృష్టం. నువ్వు వెతికింది ఆ చివరిదాని కోసం.

ఇక అసలు విషయానికి వస్తాను. మన చెరువుకూ లగూన్‌కూ ఉన్న తేడా నిల్వకూ నడకకూ ఉన్న తేడా. సాయంత్రం ఆరింటికి నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మిర్చి బజ్జీల బండి చూడు. పళ్లెంలో బజ్జీలు ఎన్ని ఉంటాయి? రెండో, మూడో, ఒక్కోసారి అవీ ఉండవు. బాండీలోంచి తీసేలోపే పొట్లం కట్టేస్తాడు. పళ్లెం ఖాళీగా ఉందని ఆ బండికి బేరం లేదంటామా? అదే రాత్రి పదిన్నరకు చూస్తే పళ్లెం నిండా ఉంటాయి, ఎవరూ కొనక మెత్తబడిపోయినవి. లగూన్ ఆరింటి బండి. మన చెరువు, ముఖ్యంగా ఎండాకాలంలో, చాలాసార్లు పదిన్నర బండి.

దీనికి లెక్క కూడా ఉంది. ప్రపంచ సముద్రాలన్నిటిలో వృక్షప్లాంక్టన్ (ఎండతో ఆహారం తయారుచేసే ఆ తేలే కణాలు) రూపంలో ఏ క్షణాన చూసినా ఉండే కార్బన్ సుమారు ఒక గిగాటన్ను, అంటే వంద కోట్ల టన్నులు. అది ఏడాదికి తయారుచేసేది సుమారు 50 గిగాటన్నులు. ఒక్క టన్ను సరుకు ఏడాదికి యాభైసార్లు అమ్ముడుపోయి మళ్లీ తయారవుతున్నట్టు. వారానికోసారి మొత్తం మారిపోతుంది. నేల మీద అడవుల్లో, పొలాల్లో నిల్వ వందల గిగాటన్నులు, ఏడాది తయారీ మాత్రం సముద్రంతో పోటాపోటీగా ఉంటుంది. నిల్వ చూసి సముద్రాన్ని బీదదని తీర్పు చెప్పడం తప్పని అందుకే అంటున్నాను. లగూన్‌లో ఈ వేగం ఇంకా ఎక్కువ. ప్రోక్లోరోకాకస్ రోజుకోసారి, పొద్దుగూకే వేళ రెండుగా చీలుతుంది. తెల్లారేసరికి జనాభా రెట్టింపు కావాలి, కానీ కాదు. రాత్రంతా తినేవాళ్లు తింటూనే ఉంటారు కాబట్టి పొద్దున్నే లెక్కపెడితే నిన్నటి అంకే వస్తుంది.

ఆ తినేవాళ్లలో పెద్ద పళ్లెం ఎవరిదో తెలుసా? మనం పాఠంలో గొప్పగా చెప్పే కోపిపాడ్‌ది కాదు, 200 మైక్రాన్ల లోపున్న సీలియేట్లు, ఫ్లాజెల్లేట్లది. ప్రపంచమంతటా చేసిన కొలతలను కలిపి చూస్తే, రోజూ తయారైన వృక్షప్లాంక్టన్‌లో సగటున మూడింట రెండు వంతుల దాకా వీళ్లే మింగుతారు. వీళ్లు నీ వలలో పడరు. పడ్డా, నమూనా పాడవకుండా ఫార్మలిన్ వేస్తే మిగలరు. ఆ సంగతి నా తలమీదికే వచ్చింది, తర్వాత చెప్తాను.

ఇప్పుడు కార్బన్ నడిచే దారి. వృక్షప్లాంక్టన్ తయారుచేసిన చక్కెరంతా కణంలోనే ఉండదు. కొంత కారిపోతుంది. వైరస్ సోకి కణం పగిలితే లోపలిది నీళ్లలో కలుస్తుంది. కోపిపాడ్ తినేటప్పుడు కొంత చిందుతుంది, మనం మామిడిపండు తిన్నట్టే. ఇలా నీళ్లలో కరిగిపోయిన కార్బన్ ఏ జంతువూ నోటితో తినలేదు. బ్యాక్టీరియా మాత్రం పీల్చుకుంటుంది. బ్యాక్టీరియాను ఫ్లాజెల్లేట్, దాన్ని సీలియేట్, దాన్ని కోపిపాడ్ తింటాయి. పోయిందనుకున్న కార్బన్ దొడ్డిదారిన మళ్లీ భోజనాల వరసలోకి వస్తుంది. దీన్ని సూక్ష్మజీవుల వలయం అంటారు. 1974లో సముద్ర పరిశోధకుడు లారెన్స్ పొమెరాయ్ ఈ దారి గురించి గట్టిగా వాదించాడు, 1983లో ఫరూక్ ఆజం తదితరులు దానికి ఆ పేరు పెట్టి అంకెలతో నిలబెట్టారు.

పగడపు లగూన్‌లో ఈ వలయానికి ఇంకో పెద్ద ఊట ఉంది. నేను కళ్లారా చూశాను కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఒకరోజు పొద్దున పోటు దిగిపోయి, దిబ్బ అంచున కొమ్ముల పగడాలు నీళ్లపైకి తేలాయి. ఎండ పడగానే వాటి కొనలనుంచి గంజి తెట్టులాంటి జిగురు సాగుతూ కనిపించింది. మధ్యాహ్నం పోటెక్కాక కళ్లద్దాలు పెట్టుకుని తల ముంచితే ఆ జిగురు దారాల్లా, పొరల్లా నీళ్లలో వేలాడుతోంది. దారానికి సన్న ఇసుక, ఏవో చుక్కలు అంటుకుని అది బరువెక్కుతోంది. బొటనవేలంత నీలం చేపలు వచ్చి దాన్ని కొరుక్కుని పోతున్నాయి. పగడం ఒంట్లో ఉండే శైవలాలు ఎండలో తయారుచేసిన కార్బన్‌లో చాలా భాగం పగడానికే ఇస్తాయి. పగడానికి కార్బన్ పుష్కలం, నత్రజని, భాస్వరం కరువు. ఎక్కువైన కార్బన్‌ను ఇలా జిగురుగా వదిలేస్తుంది, ఒంటికి పట్టిన మట్టి కూడా దాంతోపాటు కొట్టుకుపోతుంది. ఆస్ట్రేలియాలోని హెరాన్ దీవి దగ్గర చేసిన కొలతలు 2004లో వచ్చాయి. ఆ జిగురులో సగానికి పైగా, 80 శాతం దాకా నీళ్లలో కరిగిపోతుందని, మిగిలింది రేణువుల్ని పట్టుకుని లగూన్ అడుగుకు చేరుతుందని తేలింది. కరిగింది బ్యాక్టీరియా పాలు, అడుగుకు చేరింది ఇసుకలో ఉండేవాటి పాలు.

కరిగిన కార్బన్‌కు ఇంకో గిరాకీదారు కూడా ఉంది, స్పాంజి. దిబ్బ పగుళ్లలో, చీకటి గుహల్లో ఉండే స్పాంజీలు కరిగిన కార్బన్‌ను పీల్చి, తమ కణాల్నే పాత రంగు పెచ్చులూడినట్టు రాల్చేస్తాయి. ఆ రాలినదాన్ని పీతలు, నత్తలు, పురుగులు తింటాయి. ఇది 2013లో బయటపడింది. అంటే నువ్వు పుట్టాక తెలిసిన సంగతి ఇది. పాఠ్యపుస్తకం పాతదైతే నీ తప్పు కాదు.

ఇన్ని చేతులు మారితే చివరికి చేపకు ఎంత దక్కుతుంది? మిర్యాలగూడలో వడ్లు అమ్మిన ఏ రైతునడిగినా చెప్తాడు, మధ్యలో ప్రతి చెయ్యీ ఎంతో కొంత కోస్తుందని. ఇక్కడ కోత మరీ ఘోరం. చేతిలెక్కగా వేసి చూపిస్తాను. నీళ్లలో కరిగిన వంద రూపాయల కార్బన్ బ్యాక్టీరియా చేతికొచ్చిందనుకో. అది తన ఒళ్లుగా మార్చుకునేది ఓ ఇరవై రూపాయలు, మిగతాది ఊపిరిగా కార్బన్ డయాక్సైడ్‌ అయిపోతుంది. ఫ్లాజెల్లేట్ దగ్గర ముప్పై శాతం నిలిచిందనుకుంటే ఆరు రూపాయలు. సీలియేట్ దగ్గర రూపాయి ఎనభై పైసలు. కోపిపాడ్ దగ్గర అర్ధరూపాయి. చేపకు ఐదు పైసలు. అదే వంద రూపాయలు పెద్ద డయాటమ్‌గా ఉండి కోపిపాడ్ నేరుగా తింటే దాని దగ్గర పాతిక, ముప్పై మిగిలేవి, చేపకు రెండు మూడు రూపాయలు దక్కేవి.

అందుకే 1980ల్లో ఈ వలయం మీద పెద్ద వాదన నడిచింది. ఇది కార్బన్‌ను పై మెట్టుకు చేర్చే వంతెనా, లేక కార్బన్ మొత్తం ఆవిరయ్యే బొక్కా అని. నా మటుకు నాకు ఆ ప్రశ్నే సగం అనిపిస్తుంది. మధ్యలో కోసిన కమీషన్ ఎక్కడికి పోయింది? బ్యాక్టీరియా ఒంట్లో కార్బన్‌తో పోలిస్తే నత్రజని, భాస్వరం ఎక్కువ. దాన్ని తిన్న ఫ్లాజెల్లేట్ కార్బన్‌ను ఊపిరిగా కాల్చేస్తుంది, ఎక్కువైన నత్రజనిని అమ్మోనియాగా అక్కడే వదిలేస్తుంది. ఆ అమ్మోనియాను పక్కనే ఉన్న ప్రోక్లోరోకాకస్ క్షణంలో లాక్కుంటుంది. దళారి తీసుకున్న కమీషన్‌తో యూరియా కొని రైతు పొలంలోనే చల్లినట్టు. ఎరువు దొరకని చోట ఇంత పంట పండుతోందంటే అదే గిడ్డంగి ఎరువు రోజుకెన్నిసార్లో తిరిగి వాడుతున్నారన్నమాట. చేపకు ఐదు పైసలే దక్కినా, బేరం రోజూ అవుతోంది.

ఈ చిన్న వరసలో నుంచి పెద్ద వ్యాపారం ఎలా నడుస్తుందో లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవిలో చూడొచ్చు. అక్కడివాళ్లు గాలపు కర్రతో ట్యూనా పడతారు. ఎరకు బతికున్న సన్నచేపలు కావాలి. వాటిని లగూన్‌లోనే చిన్నకన్ను వలతో పట్టి, పడవలో నీళ్లతొట్టిలో బతికించి బయటి సముద్రానికి తీసుకెళ్తారు. ట్యూనా మంద కనిపించగానే గుప్పెడు గుప్పెడు విసురుతారు. ఆ సన్నచేపలు తినేది లగూన్ కోపిపాడ్‌లనే. నీ సీసాలో పడ్డ నాలుగైదు కోపిపాడ్‌ల మీద ఒక దీవి జీవనం నడుస్తోంది. ఎర దొరకని రోజు ట్యూనా పడవ కదలదు.

లగూన్లన్నీ ఒకటే అనుకోవద్దు. ఫ్రెంచ్ పోలినీసియాలో టాకపోటో అనే అటోల్ (మధ్యలో లగూన్ ఉన్న ఉంగరంలాంటి పగడపు దీవి) ఉంది. కార్బన్ లెక్కలు బాగా వేసిన లగూన్లలో అదొకటి, ఎందుకంటే అక్కడ నల్ల ముత్యాల చిప్పల్ని పెంచుతారు, చిప్పకు మేత చాలుతుందా లేదా అన్నది డబ్బుతో కూడిన ప్రశ్న. ఆ అటోల్‌కు పడవలు పోయేంత లోతైన ద్వారమే లేదు, దిబ్బ మీది సన్న కాలువల గుండానే సముద్రం లోపలికి వస్తుంది. నీళ్లు చాలాకాలం లోపలే ఉండిపోతాయి. అక్కడ కూడా వృక్షప్లాంక్టన్‌లో ఎక్కువభాగం రెండు మైక్రాన్ల లోపువే. ముత్యపుచిప్ప మొప్పల జల్లెడ అంత చిన్నవాటిని సరిగా పట్టలేదు. మరి చిప్ప ఏం తిని ముత్యం చేస్తోంది? ఆ చిన్న కణాల్ని తిన్న ఫ్లాజెల్లేట్లను, సీలియేట్లను తింటోంది. సూక్ష్మజీవి తన శనగగింజల్ని మూటకట్టి ఇస్తే, ఆ మూట జల్లెడలో ఆగుతోంది. ఒక మెట్టు ఎక్కువైతే కార్బన్ పోతుందని ఇందాక ఏడ్చాం కదా, ఇక్కడ ఆ మెట్టు లేకపోతే చిప్పకు పస్తే. కవరత్తి లగూన్ అలాంటిది కాదు. దిబ్బ దాటి, ద్వారం గుండా నీళ్లు రోజూ వచ్చిపోతుంటాయి, అంచేత లోపల తయారైన కణాలకు పెరిగే వ్యవధి తక్కువ, సముద్రం నుంచి వచ్చే సరుకు వాటా ఎక్కువ. ప్రాజెక్టులో మొదట రాయాల్సింది నీళ్లు లోపల ఎన్నాళ్లు ఉంటాయన్నది. నీటి బస తెలియకుండా ప్లాంక్టన్ లెక్క వేయడం, కాలువ గేటు ఎత్తారో లేదో తెలుసుకోకుండా చెరువు మట్టం చూసి వాన లెక్క కట్టడం లాంటిది.

ఎరువు మొదట ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతావు. డార్విన్ 1842లో అటోల్ ఎలా పుడుతుందో చెప్పాడు, మునిగిపోతున్న అగ్నిపర్వతం చుట్టూ పగడం పైకి పెరుగుతూ ఉంటే చివరికి మధ్యలో నీళ్లు మిగులుతాయని. ఎడారిలాంటి సముద్రంలో ఇంత జీవం ఎలా అన్న చిక్కుకు ఇప్పుడు ఆయన పేరే తగిలించారు. జవాబు ఒక్కటి కాదు. నీలి ఆకుపచ్చ శైవలాలు గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మారుస్తాయి. అరేబియా సముద్రంలో ఎండాకాలం మొదట్లో రంపపు పొట్టు చల్లినట్టు తేలే ట్రైకోడెస్మియం వాటిలో ఒకటి. పక్షుల రెట్ట ఇంకోటి. చాగోస్ దీవుల్లో ఎలుకలు చేరి పక్షుల్ని తినేసిన దీవుల్నీ, ఎలుకలు లేని దీవుల్నీ పోల్చి చూస్తే, పక్షులున్న దీవుల దిబ్బల దగ్గర చేపల బరువు 48 శాతం ఎక్కువని 2018లో తేలింది. అన్నిటికంటే పెద్దది ప్రవాహం. సముద్రపు నీళ్లలో ఎరువు పలచనే, కానీ అలలు ఆ నీళ్లను దిబ్బ మీదుగా రాత్రీ పగలూ తోస్తూనే ఉంటాయి. మన సాగర్ ఎడమ కాలువలో నీళ్లు సన్నగా పారినా, సీజన్ అంతా పారితే చివరి పొలమూ తడుస్తుంది. దిబ్బ ముందువైపు పగడాలు, చిన్న చేపలు నోళ్లు తెరుచుకుని వరసగా కూర్చుని, వచ్చిన ప్లాంక్టన్‌ను లగూన్‌లోకి చేరకముందే తినేస్తాయి. నీ వల లోపల లాగావు. బయటి అంచున, అదీ రాత్రిపూట లాగి ఉంటే సీసా ఇంత ఖాళీగా వచ్చేది కాదు. కోపిపాడ్‌లాంటి జంతుప్లాంక్టన్ చాలావరకు పగలు ఇసుకలో, పగడాల సందుల్లో దాక్కుని చీకటి పడ్డాకే పైకి లేస్తుంది.

ఇప్పుడు మన పచ్చనీళ్ల వైపు వద్దాం. పచ్చగా ఉంటే మేత ఉన్నట్టే అన్న నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. బొచ్చె, రవ్వ చేపలు వేసిన చెరువులో పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి, చెయ్యి ముంచితే మోచేతి దగ్గరకొచ్చేసరికి వేళ్లు కనపడకూడదని చూస్తారు. ఆ కొలత తప్పేమీ కాదు. కాకపోతే పచ్చలో రకాలుంటాయి. కొన్నేళ్ల క్రితం మా ఊరి పక్క చెరువులో ఏప్రిల్‌లో నీళ్లు పెయింటు పోసినట్టు పచ్చగా మారాయి. మత్స్య సహకార సంఘం పెద్దమనిషి నన్ను పిలిచి, "చూడండి సార్, ఈసారి మేత దండిగా ఉంది" అని సంబరంగా చూపించాడు. చేత్తో తీస్తే సన్న రవ్వలాంటి గుండ్లు, నీళ్లను గాజు గ్లాసులో కదపకుండా వదిలేశాక పైకి తేలాయి. మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ శైవలం అది. గుంపుగా, జిగురు కప్పుకుని ఉంటుంది, జంతుప్లాంక్టన్ దాన్ని సరిగా తినలేదు. తినేవాడు లేని బజ్జీలు అవి. నేను చెప్పేలోపే, నాలుగో రోజు తెల్లవారుజామున ఆయనే ఫోన్ చేశాడు. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని. పగలు తయారైన ఆక్సిజన్ అంతా రాత్రి ఆ గుండ్లే పీల్చేశాయి, చచ్చి అడుగుకు పోయిన గుండ్లను కుళ్లబెడుతూ బ్యాక్టీరియా మిగతాది పీల్చింది. క్లోరోఫిల్ కొలిచి ఉంటే లీటరుకు వంద మైక్రోగ్రాములు దాటి ఉండేది. లగూన్‌లో అది అర మైక్రోగ్రాము ఉంటే గొప్ప. ఏది ఆరోగ్యంగా ఉందో నువ్వే చెప్పు.

మరో మాట. పేడ వేసిన మంచి చెరువులోనూ చేప తినేది ఒట్టి పచ్చదనాన్ని కాదు. పేడ రేణువు మీద పెరిగిన బ్యాక్టీరియా, దాన్ని తిన్న సూక్ష్మజీవులు కూడా చేప కడుపులోకి పోతున్నాయి. వలయం మన చెరువులోనూ తిరుగుతోంది. పచ్చదనం అడ్డమొచ్చి కనపడదు, అంతే.

కార్బన్ డయాక్సైడ్ సంగతి. "పగడపు దిబ్బలు కార్బన్‌ను పీల్చుకుంటాయి" అని మాత్రం రాయకు, వైవాలో పట్టుకుంటారు. పగడం సున్నపురాయి కట్టేటప్పుడు సముద్రంలోని రెండు బైకార్బనేట్‌లు కాల్షియంతో కలిసి, ఒకటి రాయి అవుతుంది, ఇంకోటి కార్బన్ డయాక్సైడ్‌గా బయటికొస్తుంది. సముద్రపు నీళ్లలో కొంత మళ్లీ సర్దుకున్నా, ఒక వంతు రాయి కడితే సుమారు 0.6 వంతు వాయువు విడుదలవుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, రాయిలో కార్బన్ చేరుతుంటే గాలిలోకి కార్బన్ పోవడమేమిటని. కానీ అంతే. ఇక కిరణజన్య సంయోగక్రియ వాటా చూస్తే, అమెరికా శాస్త్రవేత్తలైన ఓడమ్ సోదరులు 1954లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ అటోల్‌లో కొలిచినప్పుడే, దిబ్బ రోజంతా తయారుచేసినది దాదాపు అంతా అక్కడే ఖర్చయిపోతోందని చూశారు. బోలెడు ఆదాయం, ఆదాయమంతా ఖర్చు, మిగులు సున్నాకు దగ్గర. దిబ్బకు విలువ కట్టడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, దీన్ని వాడుకోనక్కర్లేదు.

నా తలమీదికొచ్చిన తప్పు చెప్తానన్నాను. మొదటి సీజన్‌లో నలభై సీసాల నీళ్లు పట్టి, అన్నిటిలో అలవాటు ప్రకారం ఫార్మలిన్ వేసి, కొచ్చి దాకా ఓడలో ఒళ్లో పెట్టుకున్నంత భద్రంగా తెచ్చాను. మైక్రోస్కోప్ కింద చూస్తే సీలియేట్లలో గ్లాసులాంటి గూడు ఉండే టిన్‌టిన్నిడ్‌లు మాత్రమే కనిపించాయి, అదీ చాలావాటికి గూడే ఉంది, మనిషి లేడు. ఒట్టి ఒంటితో ఉండే సీలియేట్లు ఫార్మలిన్‌లో పగిలి కరిగిపోతాయని అప్పటికి నాకు తెలియదు. "లగూన్‌లో సీలియేట్లు తక్కువ" అని పేజీన్నర రాసి పెట్టాను. రెండో సీజన్‌లో ఒక పెద్దాయన అయోడిన్ సీసా చేతికిచ్చి, ముందు ఇది వేసి చూడు, తర్వాత రాద్దువుగానీ అన్నాడు. అదే చోట పదింతలు కనిపించాయి. ఆ పేజీన్నర చింపేశాను. ఆ తర్వాత ఏ తరగతిలోనూ "లేవు" అనే మాట తొందరపడి అనలేదు.

నీ ప్రాజెక్టుకు మళ్లీ లక్షద్వీప్ పోయే ఖర్చు అక్కర్లేదు. ఉదయసముద్రంలోనే పని నేర్చుకో. వలతో పాటు ఒక బకెట్ నీళ్లు నేరుగా ముంచి తీసుకో, వడకట్టకుండా. అయోడిన్ ద్రావణం ఇలా చేసుకోవాలి: 200 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 20 గ్రాముల పొటాషియం అయోడైడ్, అది కరిగాక 10 గ్రాముల అయోడిన్, చివర 20 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం. ఆమ్లం పొగ పీల్చొద్దు, కిటికీ తెరిచి కలుపు. సీసాలో నీళ్లు పలచటి టీ రంగు వచ్చేదాకా చుక్కలు వెయ్యి. వంద మిల్లీలీటర్లు కొలజాడీలో పోసి కదపకుండా ఒక రోజు ఉంచితే అంతా అడుగుకు దిగుతుంది. పైనీళ్లు సన్నగొట్టంతో మెల్లగా తీసేసి, అడుగున మిగిలిన పది మిల్లీలీటర్లలో లెక్కపెట్టు.

తర్వాత నడకను కొలువు. గాజు సీసాలు ఆరు తీసుకో, మూడు వెలుతురు దూరే తెల్లవి, మూడు వెలుతురు దూరని నల్లవి. ఒకే బకెట్ నీళ్లతో బుడగ లేకుండా నింపు. మొదటి ఆక్సిజన్ ఎంతో అప్పుడే వింక్లర్ పద్ధతిలో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే టైట్రేషన్) చూసి రాసుకుని, సీసాల్ని తాడు కట్టి మోచేతి లోతులో నాలుగు గంటలు వేలాడదియ్యి. తెల్ల సీసాలో పెరిగింది, నల్ల సీసాలో తగ్గింది, రెండూ కలిపితే తయారైన మొత్తం. ఆక్సిజన్ మిల్లీగ్రాముల్ని 0.375తో గుణిస్తే ఉజ్జాయింపుగా కార్బన్ మిల్లీగ్రాములు వస్తాయి. మన చెరువులో ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. లగూన్‌లో ఇదే చేస్తే తేడా టైట్రేషన్ తప్పులోనే కలిసిపోతుంది, అందుకే అక్కడ 1952లో స్టీమన్ నీల్సన్ తెచ్చిన రేడియోధార్మిక కార్బన్ పద్ధతి వాడతారు.

ఇంకోటి, క్లోరోఫిల్‌కు గాజునార వడపోత కాగితం కొనేటప్పుడు రంధ్రం 0.7 మైక్రాన్లది అడుగు. దుకాణంలో 1.2 మైక్రాన్లది చౌకగా అంటగడతారు. చెరువుకు అది నడుస్తుంది, లగూన్ నీళ్లకు వాడితే మళ్లీ నీ వల కథే. నల్ల సీసాలకు రంగు వేసి ఊరుకోకు, గీత పడిన చోట వెలుతురు దూరుతుంది. నల్లగుడ్డ రెండు మడతలు చుట్టి, మూత మీదికి కూడా లాగి కట్టు. లెక్కలు వచ్చాక పంపు, చూస్తాను.